రెండో కూత

మాట పోయిన మనిషి ఉన్న ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని అనుకునేదాన్ని. ఏం నిశ్శబ్దం! ఆ ఇంట్లో అందరూ మామూలు కంటే గట్టిగా మాట్లాడతారు. జహీరాబాద్‌లో మా సంగక్కకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయి, వాటితోపాటు నోట మాట కూడా పోయాక, చూడడానికి వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన నిలబడి చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరవడమే. "సంగమ్మా, నేనెవర్నో జెప్పు సూద్దాం!" అని పరీక్షలు పెట్టడమే. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నేను మాత్రం తక్కువ తిన్నానా? హైదరాబాద్ నుంచి వెళ్లినప్పుడల్లా "అక్కా, నీళ్లు అను. శారద అను" అని ఒకటో తరగతి పిల్లకు నేర్పినట్టు నేర్పేదాన్ని. నేను ఆమెకంటే చిన్నదాన్నని కూడా మర్చిపోయేదాన్ని. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, ఆ తర్వాత గోడవైపు తిరిగేది. చెవులు బాగానే ఉన్నాయి, తెలివి బాగానే ఉంది, మాట ఒక్కటే రావడం లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. మాట పోయినవాళ్లకు ఒక్కోసారి పాట మిగిలి ఉంటుందట, తలలో దాని చోటు వేరట. "ఆమె తను పాడినవేమైనా ఉంటే వినిపించి చూడండి. రోజులు గడిచేకొద్దీ కష్టమవుతుంది" అన్నది. అక్క భర్త శివరాజ్ బావ తన ఫోన్‌లో ఎవరెవరివో పాటలు పెట్టి చూశాడు. అక్క కళ్లు మూసుకుంది. పోనీ నేను పాడదామా అంటే, నా గొంతు సంగతి మా ఇంటి గోడలకు కూడా తెలుసు. అప్పుడే నాకు ఆ సీడీ గుర్తొచ్చింది.

అక్క తన కూతురి పెళ్లికి నలుగు పెట్టిన రోజున ఆడవాళ్లంతా కూర్చుని పాటలు పాడారు. వీడియో తీసే అతను ఆ పాటల్ని మాత్రం విడిగా ఒక సీడీలోకి ఎక్కించి కాపీలు తీసిచ్చాడు. పసుపు కుంకుమ, జాకెట్ బట్టతోపాటు దగ్గరి చుట్టాలందరికీ ఒక్కొక్కటి పంచారు. పరీక్షల డ్యూటీ వల్ల నేను పెళ్లినాటి పొద్దుటికిగానీ చేరలేకపోయాను, అందుకని ఆ పాటలన్నీ సీడీలోనే విన్నాను. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, బీదరు వైపు నుంచి వచ్చిన కోడళ్ల కన్నడ పాటలు, అన్నింటికీ పైన అక్క గొంతు. అన్నీ అయ్యాక ఎవరో "సంగమ్మా, చిన్నప్పటిదేదన్న పాడరాదె" అంటారు. అక్క జొన్నచేలో పిట్టల్ని తోలే కూత పెడుతుంది. ఒక్క కూతే, ఊరవతల దాకా వినపడేటట్టు. ఆడవాళ్లంతా పకపకా నవ్వుతారు. అక్కడితో సీడీ అయిపోతుంది.

ఇప్పుడు వెతికితే అది ఏ ఇంట్లోనూ లేదు. నాది ఇల్లు మారినప్పుడు ఎటో పోయింది. చుట్టాలను అడిగితే "అయ్యో, గా డబ్బలన్ని కబాడోనికి ఏసినం గద" అన్నారు. వీడియో అతను ఎప్పుడో దుకాణం ఎత్తేసి ఊరు విడిచిపోయాడు. పాతసామాన్లు కొనే కబాడీకి పోయినదాన్ని కబాడీలోనే వెతకాలి అన్నాను. బావ ఒక్క నిమిషం నేలచూపులు చూసి, "పొద్దుగాల్నే ఎల్లుదం, ఎండెక్కినంక నాతోని గాదు" అన్నాడు. మర్నాడు కోడలికి అక్కను అప్పజెప్పి, బావ పాత స్కూటరు మీద బయల్దేరాం. తెల్లటోపీ, ధోతి, మీద స్వెటరు వేసుకుని డెబ్బై దాటిన బావ ముందు, మోకాళ్ల నొప్పులతో వెనక ఒకపక్కకు కూర్చుని నేను. పుష్యమాసపు చలికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

రైల్వే గేటు అవతల గల్లీలో ఖాదర్ చాచా పాత సామాన్ల దుకాణం. తుప్పు, ఎలుకలు, కాలిన వైరు, అన్నీ కలిసిన వాసన. విరిగిన కుర్చీల మధ్య, తానూ అమ్మకానికి పెట్టిన వస్తువే అన్నట్టు చాచా కదలకుండా కూర్చుని ఉన్నాడు. "సీడీలా?" అని నన్ను ఎగాదిగా చూశాడు. "అరె అమ్మా, గివి అడిగెటోల్లు గీ మధ్యన ఎవ్వరు రాలే. టేపు రికార్డర్లంటె షౌకుకు కొంటున్నరు, సీడీలకైతె దిక్కు లేదు. ఆగు, జర సూస్త" అని లోపల్నుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు.

ముక్కాలిపీట వేసుకుని ఒక్కొక్కటే తీసి చూడడం మొదలుపెట్టాను. గుర్తు పట్టడం కష్టం కాదు. అక్క తన వస్తువులన్నిటికీ గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకుంటుంది. పెళ్లిళ్లకు, పేరంటాలకు ఇచ్చిన గిన్నెలు వేరేవాళ్లింట్లో కలిసిపోకుండా మా వైపు ఆడవాళ్లు చేసే పని అది. పంచిన సీడీలకు కూడా, తన గిన్నెలన్నట్టే, చుక్కలు పెట్టి పంచింది. "ఇచ్చేసినవాటికి గుర్తెందుకే?" అని నేను నవ్వాను కూడా. సంచిలో సినిమా పాటలున్నాయి, భజనలున్నాయి, కంప్యూటరు పాఠాలున్నాయి. అన్నింటికంటే ఎక్కువున్నవి ఎవరెవరివో పెళ్లిళ్లు. వధువు పేరు, వరుడి పేరు, మధ్యలో గులాబీ. ఉర్దూలో రాసిన నికాహ్‌లు. ఒక పసివాడి తొట్టెల పండుగ. ఆ పసివాడు ఇప్పుడు మీసాలొచ్చి ఎక్కడ తిరుగుతున్నాడో! ఒకప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని మళ్లీ మళ్లీ చూసుకున్న సంతోషాలు ఇట్లా సంచిలో ఒకదాన్నొకటి గీసుకుంటూ పడి ఉన్నాయి. ఎర్రచుక్క మాత్రం కనపడలేదు. బావ ఒక్కటి కూడా ముట్టుకోలేదు, గుమ్మం దగ్గరే నిలబడి గల్లీలోకి చూస్తున్నాడు.

ఎందుకు వెతుకుతున్నానో చెప్పాను. చాచా లేచి, అటక మీంచి ఒక సీడీ ప్లేయరు దించి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. "దొరికినంక దేంట్ల ఇంటరమ్మా? ఇది కొండవోండ్రి. ఇనిపిచ్చినంక వాపస్ ఇయ్యిండ్రి, ఫికర్ లేదు. మా ఇంట్లామెకు గూడ గిదే బీమారి. మాట బందై, గట్లనే పోయింది. మస్తు పాడుతుండె. పాట ఇనిపియ్యాలని గప్పుడు నాకెవ్వరు జెప్పలే" అన్నాడు. ప్లేయరును చీరకొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

చాచా చెప్పిన ఇంకో కబాడీ కోసం చిరాగ్‌పల్లి వైపు పోయే హైవే మీద చెరుకు లారీల వెనక నెమ్మదిగా పోతుంటే, పక్కన ఒక చేలోంచి జొన్న వాసన వచ్చింది. పాలు పట్టిన జొన్నకు ఒక తీపి వాసన ఉంటుంది, పచ్చిగడ్డి వాసనా కాదు, గింజ వాసనా కాదు. ఆ వాసనతో నేను ఎక్కడికో పోయాను. మొగుడంపల్లి వైపు మా ఊరు. మా అవ్వ, అంటే మా అమ్మ (మా వైపు అమ్మనే అవ్వ అంటాం), చుక్క పొడిచినప్పుడే లేచి రొట్టెలకు కూర్చునేది. అరచేతుల మధ్య జొన్నపిండి చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. మొదటి రొట్టె పెనం మీద పొంగేదాకా అవ్వ ఎవరితోనూ మాట్లాడేది కాదు, మేం ఏం అడిగినా సైగలే. అది పొంగాక ఇక తిట్లు మొదలయ్యేవి. నాయిన వాకిట్లో గొంగడి దులుపుతూ ఆకాశంలోకి చూసి, "ఇయ్యాల పిట్టలు మస్తు దిగుతయి" అనేవాడు. రోజూ అదే మాట, నిన్న దిగనట్టు! వేడి రొట్టెల మీద ఎల్లిపాయ కారం, దాని మీద కుసుమ నూనె చుక్క, ఉల్లిగడ్డ, అన్నీ పాతచీర ముక్కలో కట్టి అక్క నెత్తిన పెట్టేవాళ్లు. ఖాళీ డబ్బా, దాన్ని కొట్టే కట్టె నా చేతికి. అక్కకు రాళ్లు తిప్పి విసిరే వడిసెల. ఇద్దరం చలికి పళ్లు టకటకలాడిస్తూ చేనుకు పోయేవాళ్లం.

చేనుకు ఆ కొసన ఒక మంచె, ఈ కొసన ఒక మంచె. దాని మీద అక్క, దీని మీద నేను. మధ్యలో మనిషెత్తు దాటిన జొన్న, కిందికి దిగితే ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పాములుండేవి, అడవిపందులు వచ్చేవి. అందుకని అవ్వ ఒక కట్టుబాటు పెట్టింది. మా ఒక్క ఇంట్లోనే కాదు, ఆ చేలన్నిటిలోనూ అదే పద్ధతి. "ఒకలు కూతేస్తె ఇంకొకలు బదులియ్యాలె. రెండో కూత దాక రానియ్యొద్దు. రెండో కూత ఇనవడ్డదంటె ఏదో అయిందని లెక్క, నేను చేతుల పని ఇడిసి ఉరికొస్త" అనేది. పిట్టలు లేచినా లేవకపోయినా అక్క అప్పుడప్పుడూ "హో..." అని పొడుగ్గా కూసేది. నేను వెంటనే "హో..." అనేదాన్ని. నా గొంతు పిల్లి గొంతు, గాలి ఎదురైతే సగం చేను కూడా దాటదు. అయినా అక్కకు వినపడేది. పొద్దస్తమానం మేం మాట్లాడుకున్నదంతా ఆ ఒక్క అక్షరమే. ఆకలేసినప్పటి కూత వేరు, నిద్రొచ్చినప్పటి కూత వేరు, పక్కచేని పోరగాళ్ల మీద కోపమొచ్చినప్పటిది వేరు. అక్క ఒక్కతే నాకు ప్రపంచంలో అంత బాగా అర్థమైన మనిషి.

ఒకరోజు నేను కూస్తే అక్క పలకలేదు. రెండోసారి కూశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కూశానో తెలియదు. పక్కన శనగచేలో కలుపు తీస్తున్న అవ్వ కొడవలి పారేసి పరుగెత్తుకొచ్చింది. నేను మంచె దిగి జొన్నలో పడి ఉరికాను, ఆకుల అంచులు ముఖమంతా కోశాయి. అక్క తన మంచె మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది, కళ్ల నిండా భయం. ఎంత అడిగినా నోరు విప్పలేదు. అవ్వ ఆమె లంగా చూసి, తన చీరకొంగు కప్పి, మంచె దించి తీసుకుపోయింది. ఆనాటితో అక్కకు చేను కావలి ముగిసింది. పెద్దమనిషైన పిల్లను మంచె ఎక్కించరు కదా! ఏడాది తిరక్కుండానే జహీరాబాద్ సంబంధం వచ్చింది. నన్ను ఒక్కదాన్ని చేనుకు పంపడానికి అవ్వకు మనసొప్పక బడికి పంపింది. నా చదువు, నా ఉద్యోగం, ఇవాళ నేను రాసే ఈ నాలుగు ముక్కలు, అన్నీ అక్క మంచె దిగినందుకు నాకు వచ్చినవే. ఆమెకు ఏమొచ్చిందని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

చిరాగ్‌పల్లిలో హైవే పక్కన రేకుల షెడ్డు. లారీ టైర్లు, ఇంజన్ ముక్కలు కొనే కబాడీ అతను నా మాట విని నవ్వాడు. "సీడీలు నా తాన యాడ నిలుస్తయి మేడం? చలికాలం రాంగనే రైతులు సంచులకు సంచులు కొండవోతరు. జొన్నచేన్ల దారాలకు గడుతరు. ఎండకు తళతళ మెరుస్తుంటె పిట్టలు దిగయి. గీ చుట్టుపక్కల పాటలన్ని చేన్లల్లనే ఉన్నయి." బావ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "శారదా, జర చాయ్ తాగుదం రా" అన్నాడు.

చాయ్ హోటల్ బల్ల మీద కప్పు ముందు పెట్టుకుని, తాగకుండా, బావ చెప్పుకొచ్చాడు.

"మా ఇంట్ల సీడీ నేనే చేన్ల గట్టిన. మీ అక్కనే ఇచ్చింది. మిషిని ఎప్పుడో చెడిపోయె. పోయినేడు పిట్టలు జొన్నను బతకనిస్తలేవని అంటుంటె, డబ్బ మొత్తం దెచ్చి నా ముందట వెట్టింది. 'పాటలైతె పాడుతలేవు, పిట్టలనన్న కొట్టనీ' అని నవ్వింది."

"పొద్దట్నుంచి నాతో తిరుగుతున్నవ్. ఒక్క మాట చెప్పరాదా బావా!" నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎండకు వానకు నానినది ఏం పాడుతది? ఇంకో కాపీ యాడన్న దొరుకుతదేమోనని ఆశ. చెప్తె నువ్వు ఎతుకుడు ఇడిసిపెడుతవని భయమైంది." బావ కప్పును పక్కకు జరిపాడు. "పొద్దుగాల లేస్తె ఆమె నన్ను పేరు వెట్టి తిట్టేది, రొట్టె సల్లారుతుందని. యాబై ఏండ్లు తిట్టింది. ఇప్పుడు రొట్టె సల్లారినా ఎవ్వరు ఏమనరు, శారదా."

ఆ మాట తర్వాత కోపం ఎక్కడ నిలుస్తుంది? "పా, చేనుకు పోదాం" అన్నాను.

న్యాల్‌కల్ వైపు బావ పొలం. ఇప్పుడంతా చెరుకే. ఇంటి రొట్టెలకని ఒక్క మూల మాత్రం జొన్న వేస్తాడు. నల్లరేగడి పగుళ్లలో కాలు ఇరుక్కోకుండా నన్ను చెయ్యి పట్టి నడిపించాడు. మంచె లేదు, మనిషి లేడు, కూత లేదు. కర్రల మధ్య నైలాన్ దారాలు, దారాలకు సీడీలు. గాలికి అవి అటూ ఇటూ తిరుగుతుంటే కంకుల మీద వెలుగు మచ్చలు పరుగెత్తుతున్నాయి. పిట్టలు నిజంగానే దూరంగా తుమ్మ మీదే ఉన్నాయి. సీడీలు పని మా కంటే బాగానే చేస్తున్నాయి మరి, ఒప్పుకోవాలి. చలిలో ఇద్దరు ఆడపిల్లలు పొద్దంతా కూర్చోనక్కర్లేదు, వాళ్లకు పాము భయం లేదు, ఈపాటికి బళ్లో ఉంటారు. అప్పటి రోజులే మంచివని నేనెట్లా అంటాను? మా ముఖాల మీద జొన్నాకు కోతలు నాకు తెలుసు. కానీ అంత పెద్ద చేను అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. నా మనసుకు అది చేనులా అనిపించలేదు.

ఎర్రచుక్క సీడీ మూడో దారం చివర దొరికింది. చుక్క వెలిసి లేత గులాబీరంగుకు వచ్చింది. వెండిపూత పెచ్చులూడిపోయింది, ఎత్తి పట్టుకుంటే అవతలి ఆకాశం కనిపిస్తోంది. అయినా ఆశ చావదు కదా. కొంగుతో తుడిచి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చాను.

అక్క మంచం పక్కనే చాచా ఇచ్చిన ప్లేయరు పెట్టాం. సీడీ లోపలికి పోయింది, కాసేపు గిరగిర తిరిగింది, కిర్రుమంది, ఆగింది. మళ్లీ పెట్టాం. తుడిచి మళ్లీ పెట్టాం. కోడలు "పోనియ్యుండ్రి చిన్నత్తమ్మా" అంటూ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. బావ గుమ్మంలో కూలబడ్డాడు. నేను ఆ సీడీని చేతిలోకి తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు వస్తోంది, అక్క ముందు ఏడవకూడదని సీడీని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను.

పొద్దు వాలుతోంది. కిటికీలోంచి వచ్చిన ఎండ సీడీ మీద పడి, గోడ మీద వెలుగు మచ్చ లేచింది. నేను గమనించలేదు. అక్క గమనించింది. ఆమె కళ్లు మచ్చ వెంట పోయాయి, గోడ మీంచి పైకి, పైనుంచి దుప్పటి మీదికి. ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది. వడిసెల తిప్పినట్టు గాల్లో ఒకసారి తిరిగింది. గొంతులో ఏదో గరగరలాడింది. ఆ తర్వాత వచ్చింది.

"హో..."

బొంగురు గొంతు, వంకర పోయిన నోరు. కానీ అదే కూత. లోపల కోడలి చేతిలోంచి గిన్నె జారిపడింది. బావ గుమ్మం పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను చూస్తున్నాను, తర్వాతి మాట కోసం, నా పేరు కోసం, మంచినీళ్లు అంటుందేమోనని. ఏమీ అనలేదు. నావైపే చూస్తోంది. చూస్తుండగానే ఆ కళ్లలోకి భయం వచ్చింది, నాకు తెలిసిన భయం. చెయ్యి మళ్లీ లేచింది.

"హో..."

రెండో కూత! అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు. ఇన్ని నెలలుగా ఆమె జవాబు చెప్పాలని అందరం మంచం చుట్టూ చేరి అరుస్తున్నాం. ఇప్పుడు కూసింది ఆమె. పలకాల్సింది నేను. ఆ పెళ్లి సీడీలో కూడా ఆమె కూతకు నవ్వులే వచ్చాయి, బదులు రాలేదు. నేను లేచి నిలబడి, అరవై దాటిన నా పిల్లి గొంతుతో, వాడకట్టంతా వినపడేటట్టు "హో..." అన్నాను. అక్క చెయ్యి దుప్పటి మీదికి దిగింది. ముఖంలో బిగువు సడలింది. కళ్లు మూసుకుని, చాలా రోజుల తర్వాత, గోడవైపు తిరగకుండానే నిద్రపోయింది.

మాటలు ఇంకా రాలేదు, వస్తాయో రావో డాక్టరమ్మ కూడా చెప్పలేనంటుంది. చాచాకు ప్లేయరు వాపస్ ఇస్తూ జరిగింది చెబితే, "అల్లా మేలుజేసిండు" అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను హైదరాబాద్ వచ్చేశాను. రోజూ పొద్దు వాలే వేళకు బావ ఫోన్ చేసి అక్క నోటి దగ్గర పెడతాడు. ఆ వేళకు నేను ఏ పనీ పెట్టుకోను, ఎవరి ఇంటికీ పోను. మా అపార్ట్‌మెంటు బాల్కనీలో ఫోన్ పట్టుకుని కూస్తుంటే ఎదురింటి వాళ్లు తలుపు సందులోంచి చూస్తారు, చూడనీ. అవ్వ పెట్టిన కట్టుబాటు అది, రెండో కూత దాకా రానివ్వను.